కొండకొచ్చే బండిలో నీళ్ల ట్యాంకు: వినకూడని సలహాలు

తిరుమలకు సొంత వ్యానులోనో, బాడుగ టెంపో ట్రావెలర్‌లోనో వచ్చే కుటుంబాలు చాలావరకు నీళ్లు వెంట తెచ్చుకుంటాయి. కొందరు టాపు మీద నీలం డ్రమ్ము కట్టుకొస్తారు. కొందరు వెనక సీటు తీయించి, ట్యాంకు బిగించి, దానికో కుళాయి పెట్టించుకుంటారు. పడకలూ వంటగట్టూ ఉన్న క్యారవాన్లు కూడా అడపాదడపా కనబడుతున్నాయి. కాణిపాకం, తిరుచానూరు, శ్రీకాళహస్తి కలుపుకొని మూడు నాలుగు రోజులు తిరిగేవాళ్లకు ఇది మంచి ఏర్పాటే. ముసలివాళ్లో చంటిపిల్లలో వెంట ఉంటే మరీ మంచిది. ఇబ్బందంతా ఆ ట్యాంకు గురించి బయలుదేరే ముందు నలుగురూ ఇచ్చే సలహాలతోనే. వాటిలో చాలా భాగం తప్పు. ఒకటి రెండైతే ప్రాణాల మీదికి తెచ్చేవి.

“ఇంటి దగ్గరే నిండా పట్టెయ్, మళ్లీ ఎక్కడా నీళ్ల కోసం దిగే పనుండదు.” అందరికంటే ముందు వచ్చే సలహా ఇది. అమెరికాలో కారు వెనక ట్రైలరు తగిలించుకొని అడవుల్లో విడిది చేసే మనవాళ్లూ ఇదే చెప్తారు. అక్కడ విడిది చేసే చోట నీళ్లు దొరక్కపోవచ్చు కాబట్టి వాళ్లకది సబబే. మనం ఎక్కాల్సింది ఘాట్ రోడ్డు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. 200 లీటర్ల డ్రమ్ము నింపామంటే ముగ్గురు పెద్దమనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టే. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అలిపిరి దాటాక ఇరవై కిలోమీటర్లు కూడా లేని దారిలో ఆ ఎత్తులో చాలా భాగం ఎక్కేయాలి. ఎక్కేటప్పుడు ఇంజను మోసిన బరువును దిగేటప్పుడు బ్రేకులు మోయాలి. వాహనాలు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఊరికే పుట్టలేదు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేది దిగుడులోనే.

దీనికి తోడు, “డ్రమ్ము టాపు మీదే కట్టు, మోటారు లేకుండానే కుళాయికి నీళ్లొస్తాయి” అంటారు. వచ్చేమాట నిజమే. కానీ అంత బరువు నెత్తి మీద పెట్టుకున్న బండి ప్రతి మలుపులోనూ బయటి వైపుకు ఒరుగుతుంది. ఘాట్ రోడ్డులో మలుపులకు కరువు లేదు.

ఇంతవరకూ విన్నవాళ్లు, “అయితే సగమే పట్టుకుంటే పోలా?” అంటారు. అది ఇంకా చెడ్డ సలహా. నిండుకుండ తొణకదని మన పెద్దలు అననే అన్నారు. లోపల అడ్డపలకలు లేని ట్యాంకులో సగం నీళ్లుంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ అవి ముందుకు దూకుతాయి, మలుపు తిరిగిన ప్రతిసారీ పక్కకు కొడతాయి. డ్రైవరు స్టీరింగు సరిచేశాక కూడా నీళ్ల ఊపు ఇంకా పాత దిక్కులోనే ఉంటుంది. 

నా మాట వింటే పెద్ద ట్యాంకు జోలికే పోకండి. 20 లీటర్ల క్యాన్లు మూడో నాలుగో తీసుకొని మూతి దాకా నింపి, రెండు ఇరుసుల మధ్య, కింద ఫ్లోరు మీద పెట్టి పట్టీతో బిగించండి. ఒకటి పూర్తిగా అయ్యాకే ఇంకొకటి తెరవండి. తొణికేది ఎప్పుడూ ఒక్క క్యానే అవుతుంది. ఒక్కరే ఎత్తి దించుకోవచ్చు, కడుక్కోవడమూ తేలిక. బిగించిన ట్యాంకే ఉంటే, ఘాట్ ఎక్కేముందు దాన్ని కింద ఖాళీ చేసి రండి. కారు వెనక లాగే ట్రైలరైతే ట్యాంకు ఇరుసు మీదగానీ కాస్త ముందుగానీ ఉండాలి. ఇరుసుకు వెనక బరువు పడితే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఇక తాగే నీళ్ల సంగతి. ఇక్కడ తప్పుడు సలహాలకు లెక్కే లేదు. “మినరల్ వాటర్ పోసుకో, ట్యాంకు కడిగే పనే ఉండదు” అన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే శుభ్రత కోసం డబ్బు పెట్టి మరీ జనం రోగం తెచ్చుకుంటున్నారు. ఆర్వో ప్లాంటులో నీళ్లు కార్బన్ గుండా పోయేటప్పుడు వాటిలోని క్లోరిన్ పోతుంది. ప్లాంటు దగ్గర పట్టిన గంటలో అవి మంచి నీళ్లే. వాటిని సరిగా కడగని ట్యాంకులో పోసి, మే నెల ఎండలో రెండు రోజులు తిప్పితే, అడుగున పట్టిన జిగురులోని క్రిములను ఆపేది ఏదీ వాటిలో ఉండదు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లలో వచ్చే ఆ కొద్దిపాటి వాసనే కాపలా. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బండిలో నిలవ పెట్టే నీళ్లకు నేను కుళాయి నీళ్లనే నమ్ముతాను. వాసన రాకపోతే క్లోరిన్ బిళ్ల, ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే వేసి, అరగంట ఆగి తాగాలి.

“మీటరు పెట్టి చూశాను, టీడీఎస్ తక్కువే ఉంది” అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. ఆ మీటరు కరిగిన లవణాలను మాత్రమే చూపిస్తుంది. కలరా క్రిములు కోట్లున్నా దానికి తెలియదు. ఫ్లోరైడ్ ఎంతుందో కూడా విడిగా చెప్పలేదు. రాయలసీమ బోర్లలో చాలాచోట్ల ఆ బెడద ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. “కాచి తాగితే సరి” అన్న సలహా ఇక్కడ చెల్లదు. కాస్తే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. కాబట్టి దారిలో కనబడిన ప్రతి బోరు దగ్గరా తాగే క్యాను నింపకండి. పటిక, ఇండుపగింజ మన పల్లెల్లో తరతరాలుగా వాడుతున్నవే. అవి మట్టిని అడుగుకు దించుతాయి. తేరిన నీళ్లలో కూడా క్లోరిన్ వేయాల్సిందే.

ట్యాంకు కడగడంలో “ఓ గుప్పెడు బ్లీచింగ్ పౌడరు పడెయ్” అనేది ఇంకో మాట. గుప్పెడు లెక్క కాదు. ట్యాంకును ముందు రుద్ది కడిగి నీళ్లతో నింపండి. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే 100 లీటర్ల ట్యాంకుకు 20 గ్రాములు చాలు. దాన్ని బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోయండి. కుళాయిలన్నీ విప్పి, వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి, కట్టేసి, నాలుగు గంటలు అలాగే ఉంచండి. తర్వాత మొత్తం వదిలేసి మంచినీళ్లతో రెండుసార్లు తొలవండి. దీంట్లో బాత్రూం కడిగే యాసిడ్ కలపమని ఎవరైనా చెబితే అస్సలు వినకండి, ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పాత డ్రమ్ములు చవగ్గా వస్తాయని కొనకండి. అందులో అంతకుముందు ఏ రసాయనం ఉండేదో ఎన్ని నీళ్లు పోసి కడిగినా మీకు తెలియదు.

వాడిన నీళ్ల సంగతీ చెప్పాలి. “అడవే కదా, దారిలో వదిలెయ్” అంటారు. ఆ అడవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు అయిన శేషాచలం. సబ్బు నీళ్లు పారిన మలుపులో వెనకొచ్చే మోటారు సైకిలు జారుతుంది. గిన్నెలు తోమిన నీళ్లు బకెట్‌లో పట్టి, కాలువ ఉన్న చోటే పోయండి.

చివరి సలహా అన్నిటికంటే తీయగా వినబడుతుంది: “కొండ మీద నీళ్లు ఉచితం. ఖాళీగా ఎక్కి, పైన ట్యాంకు నింపుకొని దిగు.” ఉచితమన్నది నిజం. జలప్రసాదం కుళాయిల దగ్గర ఎవరైనా కడుపు నిండా తాగొచ్చు, సీసా నింపుకోవచ్చు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు కొండ మీద నిషేధం ఉంది కాబట్టి స్టీలుదో గాజుదో తెచ్చుకోండి. కానీ ఆ నీళ్లు ఎక్కడివో ఆలోచించండి. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు నిండేది వానతోనే. 2024 ఆగస్టులో వానలు తక్కువై, నీళ్లు పొదుపుగా వాడమని టీటీడీ భక్తులనూ ఊరివాళ్లనూ కోరింది. అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం తిరుమలలో రోజుకు 43 లక్షల గ్యాలన్లు కావాలి. అందులో 18 లక్షల గ్యాలన్లు కొండ మీది డ్యాములవి. మిగతాది కింద కల్యాణి డ్యాము నుంచి తెచ్చేది. అప్పటికి అన్ని డ్యాముల్లోనూ కలిపి ఉన్న నీళ్లు నాలుగు నెలలకు కాస్త అటూ ఇటూగా సరిపోయేంతే. కరెంటు పెట్టి కొండెక్కించిన నీళ్లను మళ్లీ బండిలో కిందికి దించడంలో అర్థం లేదు.

దిగేటప్పుడే ట్యాంకు తేలిగ్గా ఉండాలి కూడా. తీర్థం చిన్న చెంబులో పట్టుకెళ్లండి, దాహానికి జలప్రసాదం తాగండి. వ్యాను ట్యాంకు మాత్రం కిందికి దిగాక తిరుపతిలోనే నింపుకోండి, కొండ మీద కుళాయికి పైపు తగిలించకండి.