స్తంభం మీద అలిగిన ఆసామి

సంజామల, కోవెలకుంట్ల, అవుకు చుట్టుపక్కల ఊళ్ళలో ఈ మధ్య ఒక కొత్త రకం ఆసామి తయారయ్యాడు. ఆయనకు నల్లరేగట్లో నాలుగెకరాల శనగ ఉంటుంది, ఊళ్ళో మిద్దె ఉంటుంది, మిద్దె పక్కనే కరెంటు స్తంభం ఉంటుంది. ఆ స్తంభంతో ఆయనకు మాటల్లేవు. పొద్దున మిద్దె ఎక్కి వేపచెట్టు నీడ ఎంతవరకు వస్తుందో అడుగులు వేసి చూసుకుంటాడు. మధ్యాహ్నం క్లాంపు మీటరు తగిలించి ఫ్రిజ్జు ఎంత తాగుతున్నదో కొలుస్తాడు. రాత్రి పొడుగు నోటుబుక్కులో గీతలు కొట్టి ప్యానెళ్ళకూ ఇన్వర్టరుకూ లిథియం బ్యాటరీకీ లెక్కలు వేస్తాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు "ఏమన్నా, తీగ ఎప్పుడు పీకేస్తాండావు?" అంటే "సంక్రాంతికి" అంటాడు. ఏ సంక్రాంతికి అని ఎవరూ అడగరు. ఊళ్ళో ఆ మాత్రం మర్యాద ఇంకా మిగిలి ఉంది. నవ్వదగ్గ మనిషే, సందేహం లేదు. కానీ జనం నవ్వాల్సిన చోట నవ్వడం లేదు. లెక్క తెలియక చెప్తున్నాడని నవ్వుతారు. లెక్క ఆయనకు వచ్చినంత మండలంలో ఎవరికీ రాదు. ఎంత వచ్చినా ఆ లెక్క తేలదు, ఎందుకంటే ఆయన కోరుకుంటున్నది కరెంటు కాదు. నడిరాత్రి ఫ్యూజు పోతే ఎవరికీ ఫోను చేసి బతిమాలనక్కర్లేని బతుకు ఆయనకు కావాలి. దాన్ని యూనిట్లలో కొలవబోయి చిక్కుల్లో పడ్డాడు. నోటుబుక్కు తిరగేస్తే సాక్ష్యం పేజీ పేజీకీ దొరుకుతుంది.

మొదటి పేజీలు మాత్రం ముచ్చటగా ఉంటాయి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. ఫ్రిజ్జు రోజుకు యూనిట్ పైచిలుకు. మిక్సీ 750 వాట్లు, తిరిగేది పది నిమిషాలే కాబట్టి పర్వాలేదు. గీజరు 2,000 వాట్లు. దాని చుట్టూ ఎర్ర ఇంకు సున్నా, పక్కన చిన్న అక్షరాలతో "బామ్మర్ది వచ్చినప్పుడు". అన్నీ కలిపి రోజుకు ఆరు యూనిట్లు. పొలం పాసు పుస్తకం ఏ పెట్టెలో ఉందో తెలియని ఇళ్ళు కొల్లలుగా ఉన్న చోట, తన ఇల్లు రోజుకు ఎంత కరెంటు తింటున్నదో ఫ్యానుతో సహా చెప్పగలిగినవాడు ఈయన ఒక్కడే. ఇంతవరకూ ఇంజనీరింగు. అలక ఆ తరువాతి పేజీలో మొదలవుతుంది. అక్కడినుంచి ఒక కాగితం చింపి వంటింటి తలుపుకు అంటిస్తాడు: నీళ్ళ మోటారు ఆడేటప్పుడు మిక్సీ వేయరాదు, ఇస్త్రీ పన్నెండుకూ రెండుకూ మధ్యనే, పిండి రుబ్బడం ఎండ కాసిన రోజే. ఇంటావిడ ఆ కాగితాన్ని నిదానంగా చదివి, "రేపు మబ్బు పట్టిందంటే ఎల్లుండి దోసెలకు ఏం చెయ్యల్లయ్యా?" అంటుంది.

స్తంభం లేకుండా బతకాలనుకునేవాడి విద్య అంతా ఆ దోసెల ప్రశ్నలోనే ఉంది. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్ళు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. ఆరు యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లు సరిపోతాయి, ధైర్యం కోసం మూడు పెట్టుకోవచ్చు. ప్యానెళ్ళతో పేచీ లేదు. పేచీ అంతా బంగాళాఖాతంతో. సీమలో వాన తక్కువే అయినా, అక్టోబరులోనో నవంబరులోనో వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు సూర్యుడు కనపడడు. ప్యానెళ్ళు మామూలు దాంట్లో నాలుగో వంతు ఇస్తే గొప్ప. అందుకని ఆసామి మూడు రోజుల నిల్వ కావాలంటాడు, అంటే 18 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి ఎనభై శాతమే లెక్కలోకి తీసుకోవాలి. ఇన్వర్టరు తన వాటా కింద పదో వంతు మింగుతుంది. రెండూ పోగా 18 కాస్తా 25 అవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కొక్కటి 3.2 వోల్టులు, పదహారు వరసగా కలిపితే 51.2 వోల్టులు, వంద ఆంపియర్ అవర్ల డబ్బా ఒకటి అయిదు యూనిట్ల చిల్లర. అలాంటివి అయిదు కావాలి. డబ్బా లక్ష చొప్పున వేసుకుందాం, మొత్తం అయిదు లక్షలు. ఇప్పుడు అలక పక్కనపెట్టి స్తంభం వైపు లెక్క చూద్దాం. నెలకు 180 యూనిట్లకు 2022 నాటి శ్లాబుల ప్రకారం మొదటి 30కి యూనిట్ 1.90, ఆపైన 45కి 3 రూపాయలు, ఆపైన 50కి 4.50, మిగిలిన 55కి 6 రూపాయలు: వెరసి 747 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, జనం నోట్లో నానే ఆ ట్రూఅప్ ఛార్జీ కూడా కలిపి వెయ్యి అనుకున్నా ఏడాదికి పన్నెండు వేలు. ఒక్క బ్యాటరీల డబ్బు తిరిగి రావడానికే నలభయ్యొక్క ఏళ్ళు దాటుతుంది. మంచి లిథియం డబ్బా ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్ళు. అసలు చేతికొచ్చే లోపల బ్యాటరీకి మూడు జన్మలు గడిచిపోతాయి.

ఆ అయిదు డబ్బాల్లో మామూలు రాత్రికి పనికొచ్చేవి రెండే. మిగతా మూడూ ఏడాదిలో ఆ కాసిని మసక రోజుల కోసం మూడు లక్షలు మింగి మూలన కూర్చుంటాయి. మబ్బు పట్టిన నాలుగు రోజులూ గడిపించడానికి స్తంభం కంటే చౌకైన బ్యాటరీని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఆసామి సరిగ్గా దానిమీదే అలిగాడు. చెరువు మీద అలిగినవాడి సామెత మనకు ఉండనే ఉంది, దాని రెండో సగం పత్రికలో రాయడానికి వీల్లేదు.

పైగా ఈ అలక జరుగుతున్న చోటు చూడండి. నంద్యాల దగ్గర గడివేముల, ఓర్వకల్లు మండలాల్లోని గని, శకునాల ఊళ్ళ పక్కన దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017 చివరికే అది పూర్తి సామర్థ్యానికి వచ్చింది. పాణ్యం పక్కన పిన్నాపురం కొండల్లో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022 మేలో శంకుస్థాపన చేశారు. దాని పని ఏమిటంటే, కరెంటు మిగిలినప్పుడు కింది చెరువు నీళ్ళను పైచెరువుకు తోడిపోసి, చాలనప్పుడు వాటినే టర్బైన్ల మీదికి వదలడం. ఆసామి మిద్దె మీద చేయాలనుకుంటున్నదీ ఇదే: పగటి ఎండను రాత్రికి దాచడం. తేడా ఎక్కడంటే, పిన్నాపురం నీళ్ళు ఒక్క ఇంటి దోసెల కోసం కాచుకుని కూర్చోవు. ఒకరింట మోటారు ఆగినప్పుడు ఇంకొకరింట ఆడుతుంది, ఒక ఊరి మీద మబ్బు ఉంటే ఇంకో ఊరి మీద ఎండ ఉంటుంది. అందరి అవసరాలూ ఒక్కసారే మీద పడవు కాబట్టే పది మంది పంచుకునే నిల్వ తలకు తక్కువ పడుతుంది. ఈ సంగతి ఆసామికి తెలియక కాదు. పంచుకోవడమంటే అడగడమని ఆయన అనుకుంటాడు. చిక్కంతా అక్కడే.

ఆయన తరఫున చెప్పడానికి ఏమీ లేదా అంటే ఉంది, గట్టిదే ఉంది. సబ్సిడీ సోలార్ పెట్టుకున్న ఎదురింటాయన మిద్దె నిండా ప్యానెళ్ళు ఉన్నా, మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఉక్కపోతలో విసనకర్ర పట్టుకుంటాడు. బ్యాటరీ లేని గ్రిడ్ సోలార్ లైను చచ్చిన వెంటనే తానూ ఆగిపోవాలి. ఆగకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మిద్దె మీది కరెంటు తగులుతుంది. ఇది భద్రత కోసం పెట్టిన నియమం, మంచి నియమం. కానీ అమ్మేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పని నియమం. ఆసామి ఎదురింటివైపు చేయి చూపి "అందుకే చెప్పింది" అన్నప్పుడు ఆయన మాటలో న్యాయం ఉంది. అయితే ఆ న్యాయం ఆయన్ని తీసుకెళ్ళేది హైబ్రిడ్ ఇన్వర్టరు దగ్గరికి. ప్యానెళ్ళు, ఒకటో రెండో డబ్బాలు, వెనకాల స్తంభం. కరెంటు పోతే ఇల్లు బ్యాటరీ మీదికి మారుతుంది, మబ్బు పడితే స్తంభం ఆదుకుంటుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ, అదీ గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్ళకే. తీగ పీకేసినవాడికి పైసా రాదు. లెక్క ఇంత తేటగా ఉంటే హైబ్రిడ్ పేరెత్తగానే ఆసామి ముఖం ఎందుకు ముడుచుకుంటుంది? దరఖాస్తు చేయాలి, నెట్ మీటరు కోసం తిరగాలి, ఎవరో వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఎవరి గడప తొక్కకూడదని ఈ బ్యాటరీ యజ్ఞమంతా తలపెట్టాడో మళ్ళీ ఆ గడపకే పోవాలి. 78,000 వదులుకుంటాడు గానీ ఆ బల్ల ముందు నిలబడడు.

కరెంటే అసలు కోరిక అయితే, స్తంభం లేని చోట ఆయన ఉత్సాహం రెట్టింపు కావాలి. ఊరికి రెండు మైళ్ళ అవతల శనగ చేలో కొట్టం ఉంది. అక్కడికి స్తంభాలు లేవు; కొత్తగా వేయించుకోవాలంటే పంట డబ్బు పోతుంది. అక్కడ కావలసింది రెండు లైట్లు, ఫోను చార్జింగు, అడవిపందులు పడకుండా కంచెకు తగిలించే జట్కా మిషను. వంద వాట్ల ప్యానెలు, పన్నెండు వోల్టుల చిన్న లిథియం డబ్బా, ఒక చార్జ్ కంట్రోలరు తెచ్చుకుంటే సాయంత్రానికల్లా పని అయిపోతుంది. స్తంభానికి దూరంగా బతికేవాళ్ళకు ఆఫ్‌గ్రిడ్ నిజంగా వరం, అక్కడ దానిని వేళాకోళం చేయడానికి ఏమీ లేదు. మరి కొట్టానికి నోటుబుక్కులో ఎంత చోటు దక్కింది? అర పేజీ. సాయంత్రానికి అయిపోయే పనిలో అలకకు చోటేదీ? పొలం బోరు మోటారుకు మాత్రం పదకొండు పేజీలు. ఆ మోటారు కరెంటు 2004 నుంచీ ఉచితం. అయిదు హార్స్‌పవర్ అంటే నడిచేటప్పుడు 3.7 కిలోవాట్లే గానీ, స్టార్టరు నొక్కిన ఆ క్షణంలో నేరుగా స్టార్టయ్యే మోటారు అయిదారు రెట్ల ఆంపియర్లు లాగుతుంది, ఆ దెబ్బకు తట్టుకునే ఇన్వర్టరు ఖరీదు వింటే మనిషికే ఫ్యూజు పోతుంది. డబ్బు కట్టనక్కర్లేని కరెంటును లక్షలు పోసి వదిలించుకోవాలనుకునేవాడి బాధ బిల్లుది కాదని ఇంకా రుజువు చేయాలా?

పాఠాలు కూడా ఆయన ఎక్కడినుంచో తెచ్చుకుంటాడు. స్తంభం అందని అడవిలో చెక్క ఇల్లు కట్టుకున్న కెనడావాళ్ళ వీడియోలు రాత్రుళ్ళు చూస్తాడు. లిథియం సెల్లుకు సున్నా డిగ్రీల కింద చార్జింగు పెట్టకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్లు పాడవుతుంది. కెనడావాడికి ఇది ప్రాణసంకటం. మన ఆసామి కూడా చలికి తనంతట తానే వేడెక్కే బ్యాటరీ కోసం నంద్యాలలో నాలుగు దుకాణాలు అడుగుతాడు, సంజామలలో చలికాలం ఉదయం ఒక కండువాతో పోతుందని మరిచిపోయి. ఇక్కడ సెల్లుకు శత్రువు మే నెల. వేడెక్కేకొద్దీ ప్యానెళ్ళ సామర్థ్యం తగ్గుతుంది, వేడి గదిలో బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. సంగతి తెలిశాక ఇంట్లో చల్లని చోటు వెతికాడు. పాత మట్టి మిద్దె కింద, నాపరాళ్ళ నేల మీద ఉన్న లోపలి గది ఒక్కటే పనికొచ్చింది. అక్కడ తరతరాలుగా ఊరగాయ జాడీలు కాపురం ఉంటున్నాయి. ఇంకా కొనని బ్యాటరీ కోసం జాడీలు వరండాలోకి వచ్చేశాయి.

ధరలు పడిపోతున్నాయి కదా, ఇవాళ తేలని లెక్క రేపు తేలదా అంటారు ఆయన పక్షం వాళ్ళు. పడిపోతున్న మాట నిజం. 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాకు ప్రపంచ సగటు ధర 2024కు 115 డాలర్లకు దిగింది. ఐరన్ ఫాస్ఫేట్ కథయితే ఆసామికి కంఠతా వచ్చు: 1997లో శాస్త్రవేత్త గుడినఫ్‌తో కలిసి దాని సంగతి లోకానికి చెప్పినవాళ్ళలో పాఢీ, నంజుండస్వామి అని ఇద్దరు మనదేశం పేర్లవాళ్ళు ఉన్నారని, 2019లో గుడినఫ్‌కు నోబెల్ వచ్చినప్పుడు వాళ్ళను ఎవరూ తలవలేదని ఇప్పటికీ నొచ్చుకుంటాడు. కానీ ధర తగ్గడం ఆయన ప్లానుకు సాయం చేయడం లేదు, అడ్డం పడుతున్నది. ఏటా తగ్గే వస్తువును ఈ ఏడు కొనడం ఏ లెక్కలో చూసినా నష్టమే. అందుకని ఆగుతాడు. ఆగినన్నాళ్ళూ ప్లాను ఉంటుంది, ప్లాను ఉన్నన్నాళ్ళూ స్తంభం ముందు తలెత్తుకుని నడవొచ్చు. నోటుబుక్కులో సర్వీసు రద్దు దరఖాస్తుకు ఒక్క గీత కూడా లేకపోవడానికి ఇదే కారణం. స్తంభం పోతే ఎవరి మీద అలగాలి?

ఇప్పుడు కొత్త పేజీ మొదలైంది. లిథియం పక్కన పెట్టేశాడు. సోడియం బ్యాటరీలు వస్తున్నాయి. చైనా కంపెనీలు 2021 నుంచే చెప్తున్నాయి, ముడిసరుకుకు కొదవలేదు, చలికి భయం లేదు. "ఉప్పులో ఉండే సోడియంతోనే చేస్తారంట. ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే చాలు" అన్నాడు ఇంటావిడతో.

"ఉప్పుదయితే మంచిదే గదా" అని ఆమె వరండాలోని జాడీలు ఒక్కొక్కటే ఎత్తి మళ్ళీ లోపలి గదిలోకి చేరవేసింది. "వీటి పక్కనే పెట్టుకోవచ్చు."