స్వచ్ఛవాయుసేవనము – కారు ప్రయాణము

పెనుమూడి–పులిగడ్డ వారధి లేని దినములలో కృష్ణను దాటగోరినవాడు రేవున పడవకై పడిగాపులు పడుచు, చల్లని యేటిగాలిని ఊరకయే సేవించెడివాడు. వారధి వెలసి, 216వ జాతీయ రహదారి దానిమీదుగా సాగిన పిమ్మట, లారీల పొగను నిరీక్షణ లేకయే సేవించు సౌకర్యము కలిగినది.

వంతెన తప్ప వేరు మెట్ట యెరుగక, అరచేతివలె చదునైయున్న యీ డెల్టాసీమయందు, కొత్తిమీర కట్టకై రేపల్లె బజారునకు బైకు నెక్కి పోయి, సాయంకాలము వైద్యుని యాజ్ఞ శిరసావహించి గదిలో కదలని సైకిలును చెమటలు కారునట్లు త్రొక్కెడి మన పెద్దల విజ్ఞతకు జోహారు! కదలగల సైకిలు మాత్రము పంచలో గాలిలేని చక్రములతో, హేండిలుపై తడి తువ్వాలుతో, సంసారమునకు దండెమై సేవచేయుచున్నది.

రేపల్లెనుండి తెనాలికి 1916 నుండియు రైలుమార్గ మున్నది. కాని రైలు తన వేళకు పోవును, మనము మన వేళకు పోవలెను గదా! అందుచేత ఒక్కొక్కరికి ఒక్కొక్క కారు. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు మలినవాయు నగరముల పట్టికకు గుంటూరు, విజయవాడలు ఎక్కినవని విచారించుటయు ఆ కారులోనే, అద్దములు బిగించుకొని.

సెప్టెంబరు 22న కారురహిత దినోత్సవ సభలు జరుపువారికి ఒక మనవి: నడచియో, సైకిలుపైననో, బస్సులోనో వచ్చిన వారికే వేదికపై చోటని నియమింపుడు. గాలి శుభ్రపడుట మాట యెట్లున్నను, ఉపన్యాసములు తగ్గుట నిశ్చయము.