మైకు అంకుల్

సింగపూర్‌లో నలభై దాటిన మగవాళ్ళందరూ అంకుళ్ళే. టాక్సీ నడిపే ఆయన అంకుల్, కోపీ కలిపే ఆయన అంకుల్, లిఫ్టు ముందు నేల తుడిచే ఆయనా అంకులే. ఈ వంశవృక్షానికి మన తెలుగువాళ్ళు ఇంకో కొమ్మ అంటుకట్టారు: మైకు అంకుల్. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకాయన ఖాయం. అసలు పేరు సగం మందికి తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. "రికార్డింగులో గొంతు సరిగ్గా వినపడట్లేదండీ, ఏం చెయ్యాలో ఎవరైనా చెబుతారా" అని గ్రూపులో పడిందంటే, మిగతావాళ్ళు చదివేలోపే ఆయన జవాబు దిగిపోతుంది: "ముందు కేబుల్ ఫోటో పెట్టండి."

కేబులేమీ లేదండీ, ఫోన్లోనే చేశాం అంటే ఒక్క క్షణం డీలా పడతారు. వెంటనే తేరుకుని, "అయితే శనివారం వస్తా. ఏమీ ముట్టుకోకండి" అంటారు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా చాంగీ బిజినెస్ పార్కులో ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తుంటారు. అదేమిటో ఆయనా చెప్పరు, మనమూ అడగం. అసలు ఉద్యోగం శనివారం పొద్దున సిమ్ లిమ్ టవర్‌లో మొదలవుతుంది. ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు వెళ్ళేది సిమ్ లిమ్ స్క్వేర్, అది వేరు. టవర్లో పిన్నులు, ప్లగ్గులు, సాకెట్లు చిల్లరగా అమ్ముతారు, తీగ మీటర్ల లెక్కన కోసిస్తారు. ఆ కొట్లవాళ్ళతో ఆయన మాట్లాడేది ఇంగ్లీషూ కాదు, మాండరినూ కాదు. రెండు వేళ్ళ మధ్య ఇంత అని చూపిస్తారు, వాళ్ళు సరిగ్గా ఆ డ్రాయరే లాగుతారు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ ముస్తఫాకి వెళ్ళి, ఇంట్లో చెప్పిన చింతపండు మర్చిపోయి, బ్యాటరీలు కొనుక్కుని వస్తారు. 2017 జూలైలో సుంగే రోడ్డు పాత సామాన్ల సంత మూసేసినప్పుడు ఆయన ఇంట్లో పెద్దదిక్కు పోయినంత కుంగిపోయారని వాళ్ళావిడే చెప్పారు. ఇల్లు కాస్త ఖాళీ అవుతుందని ఆవిడ సంబరపడేలోపు ఆయన ఫోన్లో పాత సామాన్లమ్మే కరౌసెల్ యాప్ పట్టేశారు.

ఇలా కొన్నవన్నీ వేసుకు తిరిగే సంచీని ఓసారి మా బల్ల మీద బోర్లించారు. మూడు పిన్నుల కేబుళ్ళు, వాటిని రెండు పిన్నులు చేసేవి, ఆ రెంటినీ మళ్ళీ మూడు చేసేవి, టార్చిలైటు, మెత్తటి బ్రష్షు, పళ్ళపుల్లలు, కొత్త చెప్పుల పెట్టెల్లోంచి ఏరి దాచిన సిలికా జెల్ పొట్లాలు. ఈ ఊళ్ళో గాలి ఎప్పుడూ తడి తడిగానే ఉంటుంది కదా, ఇక్కడ కెమెరాలున్నవాళ్ళు డ్రై క్యాబినెట్ కొనుక్కుంటారు. ఆయన ఇంట్లో ఆ పెట్టెలో కెమెరా ఉండదు. కండెన్సర్ మైకులు ఉంటాయి. పెళ్ళి ఆల్బమ్ బూజు పట్టింది గానీ మైకులు భేషుగ్గా ఉన్నాయి.

ఈ జాతి ఎప్పట్నుంచో ఉన్నది కాదు. సింగపూర్ తెలుగు సమాజం పుట్టింది 1975లో. అప్పట్నుంచీ మనవాళ్ళ సభలంటే ఓ హాలు, హాలుతో పాటే సౌండు, దాని వెనకాల ఒక అద్దె మనిషి. మైకు పలక్కపోతే అందరూ అతని వైపు చూసేవాళ్ళు. 2020 ఏప్రిల్ 7న కరోనా వల్ల సర్క్యూట్ బ్రేకర్ అని ఊరికి ఊరినే ఇళ్ళలో కూర్చోబెట్టేసరికి సభలన్నీ జూమ్‌లోకి ఎక్కాయి. హాలు పోయింది, అద్దె మనిషీ పోయాడు. ఎవరి మైకుకి వాళ్ళే దిక్కు. పైగా ఆ జూమ్‌కో గుణం ఉంది. ఆగకుండా ఒకే తీరున మోగేదేదైనా దానికి ఫ్యాను హోరు కింద లెక్క, అణిచేస్తుంది. శ్రుతిపెట్టె మోగేదే అలా కదా. మొదటి కచేరీలో శ్రుతి కాస్తా మాయమైంది, దాని వెంట గాయని గొంతు కూడా సగానికి సగం దిగిపోయింది. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, ఒక గొంతు వినపడింది: "అమ్మా, సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, ఆన్ చెయ్యండి." అది లగాయతు ఆయన ఆగలేదు.

పిల్లల శతక పద్యాల పోటీ వచ్చిందంటే ఆయనకి చేతినిండా పని. పద్యం చెబుతూ వీడియో తీసి పంపాలి. పంపితే, "గొంతు చాలా తక్కువగా ఉంది, దయచేసి మళ్ళీ పంపగలరు" అని తిరుగుటపా. ఇంట్లో అందరూ ఫోను కంపెనీని తిడతారు. అంకుల్ చేరేసరికి హాల్లో సీను ఇదీ: ఈ గోడ దగ్గర పట్టులంగా, జడగంటలు, వాటి మధ్య ఓ ఆరేళ్ళ పిల్ల. ఆ గోడ దగ్గర స్టాండు మీద ఫోను. ఎందుకంత దూరం అంటే, లంగా అంచు మొత్తం పడాలి మరి, అమ్మమ్మ ధర్మవరం నుంచి పంపింది. నడినెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉంటుంది.

నోటికి 30 సెంటీమీటర్లలో ఉన్న మైకుని 60కి జరిపితే దానికి నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 120కి జరిపితే ఇంకో 6, 240కి జరిపితే మరో 6. ఆ పిల్లకీ ఫోనుకీ మధ్య అలా 18 డెసిబెల్స్ హాల్లోనే ఖర్చయిపోయాయి. ఫ్యాను మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ల్యాప్‌టాప్‌లో తీసి ఉంటే విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ అని 10, 20, 30 డెసిబెల్స్ మెట్లుంటాయి. ఎక్కించవచ్చు. కానీ పద్యం ఎంత పెరిగితే ఫ్యానూ అంతే పెరుగుతుంది. 30 మెట్టు మీద పక్కింటి కుక్కరు కూడా పోటీకి పేరిచ్చేస్తుంది.

ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఫోను నాలుగడుగులు ముందుకి జరపండి అంటే అయిపోయేది. అనరు. టార్చి వేసి ఫోను అడుగున ఉన్న కన్నంలోకి చూస్తారు, జేబు నలుసులు బ్రష్షుతో దులుపుతారు, కవరు మూసేస్తోందేమోనని ఊడదీస్తారు. తర్వాత సంచీలోంచి కాలరు మైకు తీస్తారు. గింజంత ఉండే ఆ మైకుని 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు కనిపెట్టిన విధానంతోనే చేస్తారనీ, ప్లగ్గు మీద నల్లగీతలు రెండుంటే కెమెరాకనీ, మూడుంటే ఫోనుకనీ పిల్ల తండ్రికి పాఠం మొదలవుతుంది. తండ్రి బుద్ధిగా తలూపుతాడు. మైకు తగిలించేసరికి పిల్ల తల వంచి దాన్నే చూస్తూ పద్యం మర్చిపోతుంది.

మళ్ళీ గుర్తొచ్చేలోపు కిటికీ అవతల కోయిల అందుకుంటుంది. ఉగాదినాడు మనం కవిసమ్మేళనాల్లో బతిమాలి పిలుచుకునే కోయిలే ఇది. సింగపూర్‌లో మాత్రం తెల్లవారకుండానే కూసి నిద్ర చెడగొడుతోందని జనం అధికారులకి ఫిర్యాదులు పెడతారు. అంకుల్ కూడా ఒకటి పెట్టారని వినికిడి.

ఇంత చప్పుడు పడలేక ఆయన ఇంట్లో స్టూడియో పెట్టారు. 1997లో చేసిన చట్టం పుణ్యమా అని, ఆ తర్వాతి ఏడాది నుంచి కడుతున్న ఇళ్ళలో బాంబులు పడితే దాక్కోవడానికి దళసరి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు ఉన్న చిన్న గది ఒకటి ఉంటుంది. దేశమంతా దాన్ని సామాన్ల గదిగానే వాడుకుంటోంది. అంకుల్ ఓ రోజు అందులోవన్నీ బయటపెట్టించి, స్టాండు దింపి, తలుపేసుకుని "హలో" అన్నారు. ఆ హలో నాలుగు గోడలకీ కొట్టుకుని చాలాసేపు అక్కడే తిరిగింది. ఉత్త కాంక్రీటు గదిలో చప్పుడు బయటినుంచి రాదు, లోపలున్నది పోదు. మర్నాడు సోనామసూరి బస్తాలు, పరుపులు, దుప్పట్ల మూటలు అన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళాయి. గొంతు చక్కగా పడింది. ఇక మనిషి పట్టడమే మిగిలింది. "ఏవండీ, రికార్డింగ్ అయ్యాక రెండు డబ్బాలు బియ్యం ఇలా అందించండి" అని వాళ్ళావిడ తలుపు కొడితే ఆయన మొదటి టేకు ఆఖరైంది.

అలాగని ఆయన చేతకాని మనిషేం కాదు. ఒక్క కేసు చెబితే చాలు. ఇక్కడి గాయని ఒకావిడ అన్నమాచార్య కీర్తన పాడి, శ్రుతి, తబలా యాప్‌లోంచి తీసి కలిపి గుంటూరులో నాన్నమ్మకి పంపింది. ఇయర్‌ఫోన్లలో విన్నవాళ్ళంతా గొంతు కాస్త చిన్నగా ఉంది గానీ బాగుందన్నారు. నాన్నమ్మ ఫోన్ చేసి, "తబలా ఎప్పుడు నేర్చుకున్నావే తల్లీ, పాట ఎప్పుడు పంపుతావు?" అంది. ఆవిడ ఫోన్లో తబలా ఉంది, శ్రుతి ఉంది, గొంతు లేదు!

గ్రూపులో అందరూ తలో మాటా అన్నారు: ఫోను పాతదన్నారు, నెట్టు బాగాలేదన్నారు, పెద్దావిడ చెవులని కూడా ఒకరన్నారు. అంకుల్ కేబుల్ ఫోటో అడిగారు. చూసి చిరునవ్వు నవ్వారు. మైకు కేబుల్లో మూడు తీగలు. రెంటిలో ఒకే గొంతు, ఒకదానికొకటి తలకిందులుగా. వాటి తేడా పట్టుకుని మధ్యలో దూరిన రొదని కొట్టెయ్యడానికి ఆ ఏర్పాటు. ఈవిడ కొన్న కేబుల్ అవతలి కొసన స్టీరియో ప్లగ్గు ఉంది. ఒక తీగ ఎడమ చెవికీ, రెండోది కుడి చెవికీ వెళ్ళాయి. ఇయర్‌ఫోన్లలో ఏ చెవి గొంతు ఆ చెవికి వినపడుతుంది. నాన్నమ్మ ఫోనుకి ఉన్నది ఒక్కటే స్పీకరు. అది రెండిటినీ కలిపింది, కూడికా తీసివేతా చెల్లుకు చెల్లు, గొంతు సున్నా. తబలా రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి బతికిపోయింది. ఆయన కుడి వైపు గొంతు తీసేసి, ఎడమదాన్నే రెండు వైపులా పెట్టారు. అరనిమిషం పని. దాన్ని వివరించడం మాత్రం, రాత్రి పదిన్నర దాటితే ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించకూడదన్న నియమం గుర్తొచ్చేదాకా సాగింది.

ఇంత తెలిసినాయన ఆ ఒక్క ముక్క ఎందుకనరు? "కాస్త దగ్గరికి జరిగి మాట్లాడండి" అని. నాకున్న అనుమానం, ఆ మాటకి సంచీ అక్కర్లేదు. ఫోన్లోనే చెప్పేయొచ్చు, అప్పుడు శనివారం పెసరట్టూ ఉండదు, రెండో కాఫీ ఉండదు. ఇంకో సంగతీ ఉంది. మనవాళ్ళకి మైకుని టప్ టప్‌మని కొట్టడం వచ్చు, ఫూ అని ఊదడం వచ్చు, దాని దగ్గర నిలబడడం మాత్రం రాదు. అధ్యక్షులవారు కాగితంలోకి చూస్తూ జానెడు పక్కకి మాట్లాడతారు. పాడే ఆవిడ ఫోటోలో మొహం పడాలని మైకుని నెక్లెసు దాకా దించుతుంది. నిలువుగా పెట్టే కండెన్సర్ మైకుకి చెవి పక్కన ఉంటుంది, మనవాళ్ళు నడినెత్తిన మాట్లాడతారు, ఒక్కోసారి దాని వీపుతో. పెద్దవాళ్ళకి, ఆడవాళ్ళకి, చందా ఇచ్చినవాళ్ళకి నోరు ఎక్కడ పెట్టుకోవాలో ఎలా చెబుతాం? కొత్త కేబుల్ వెయ్యడం మర్యాద.

చైనా వాళ్ళ ఏడో నెలలో ఆయన బ్లాకు పక్క ఖాళీ జాగాలో గెటాయ్ స్టేజి వేశారు. పితృదేవతల కోసం పాటల కచేరీ. ముందు వరస కుర్చీలు ఆత్మలకి వదిలేస్తారు, తక్కిన ఊరంతా వెనక వరసల్లో కూర్చుంటుంది. మెరుపుల గౌనులో అమ్మాయి హొక్కియెన్ పాట పాడుతుంటే పదో అంతస్తులో అంకుల్ గారి గ్లాసులు గణగణలాడాయి. ఆయన కిందికి దిగి సౌండు బోర్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కడ నిక్కరు, బనీనులో ఇంకో అంకుల్ ఉన్నాడు. పాట అయ్యాక, అది ఏ మైకు అని వినయంగా అడిగారు.

అతను తల తిప్పలేదు. "మైక్ సేమ్ సేమ్ లా. మౌత్ నియర్," అన్నాడు.

అంకుల్ పైకొచ్చి, "వాళ్ళ దగ్గర ఏదో మంచి కంప్రెసర్ ఉంది, చెప్పట్లేదు" అని భార్యతో అని, కరౌసెల్ తెరిచారు.