గూట్లోంచి ఎఫ్ఎం ట్యూనర్ని మాట్లాడుతున్నా

నా పని ఏరడం. పాట పాడేదీ మెప్పు కొట్టేసేదీ స్పీకరు. యాంటెన్నా మీద ఒక్కసారిగా వచ్చి పడే నానా తరంగాల్లోంచి, చాటలో బియ్యం ఏరినట్టు, అడిగిన స్టేషన్ని ఏరి ఇచ్చేది మాత్రం నేను. విశాఖ ఉక్కునగరంలో ఒక క్వార్టర్సు, ఆ వంటింట్లో ఒక గూడు, ఆ గూట్లో రెండు బ్యాండ్ల రేడియో పెట్టె, అందులో నా కాపురం. అదే పెట్టెలో మీడియం వేవ్ అన్న కూడా ఉంటాడు. ఆయనది పెద్ద తరం. 1963లో విశాఖ ఆకాశవాణి మొదలైనప్పుడు మా జాతి ఈ దేశంలో లేనేలేదు. ఇక్కడ ఎఫ్ఎం పుట్టింది 1977లో, మద్రాసులో.

అన్నకీ నాకూ తేడా మిక్సీ దగ్గర తెలిసేది. అమ్మగారు పచ్చడి రుబ్బుతుంటే ఆయన గొంతులో బరబరలు. పక్క వీధిలో వెల్డింగు పెడితే చిటపటలు. మెరుపైనా, మోటారు నిప్పురవ్వయినా ముందు పాడుచేసేది తరంగం ఎత్తుని. ఆయన పాటంతా ఆ ఎత్తులోనే ఉంటుంది పాపం. నా పాట ఉండేది తరంగం ఎంత వేగంగా ఊగుతోందన్న దాంట్లో. అందుకే ఎత్తుపల్లాలన్నీ నిర్మొహమాటంగా కత్తిరించి పారేస్తాను. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజినీరు 1933లో ఈ విద్యకి పేటెంట్లు తీసుకున్నాడు. క్రేన్లూ మోటార్లూ నిండిన ఈ ఊళ్లో నాకు మర్యాద దక్కిందంటే ఆ కత్తిరింపు వల్లే.

ఇంటి సారుకి ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ఉన్నరోజు ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేవాణ్ని. ముల్లు ఆకాశవాణి రెయిన్‌బో 102 దగ్గరే ఉండిపోయేది. తర్వాత ప్రైవేటు స్టేషన్లు వైజాగ్‌కీ వచ్చాయి. గాజువాక ఆటోల్లో మావాళ్లకి పండగే పండగ. ఆ సందడి నాకూ నచ్చింది. కాకపోతే ప్రైవేటు ఎఫ్ఎంలకి సొంతంగా వార్తలు చదివే అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు ఇవ్వొచ్చు, వాతావరణం, ట్రాఫిక్, కరెంటు, నీళ్ల లాంటి సంగతులు చెప్పొచ్చు, అంతవరకే. ఊళ్లో ఏం జరిగిందో చెప్పనివ్వకుండా ఒక నోటికి పొద్దస్తమానం మాట్లాడే పని అప్పజెబితే అది సినిమా కబుర్లే చెబుతుంది. మా బ్యాండు మీద జనానికి మొహం మొత్తిందంటే అందులో స్ట్రీమింగ్ తప్పు కొంతే.

ఇంటబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకి వచ్చి, "నాన్నా, ఇంకా దీన్నే తిప్పుతున్నావేటి?" అంటాడు. వాడి ఫోన్లో అడిగిన పాట అడిగిన క్షణంలో మోగుతుంది. ఇళయరాజా కావాలంటే నా దగ్గర కాచుకోవాలి, అక్కడ పేరు చెబితే చాలు. ఆ పందెంలో నేను ఓడిపోయాను, దాపరికం ఏమీ లేదు. కానీ అక్కడ వెయ్యిమంది వింటే వెయ్యి ప్రవాహాలు విడివిడిగా పారాలి. ప్రతిదానికీ టవరు కావాలి, టవరుకి కరెంటు కావాలి, వెనకాల కేబులూ సర్వరూ ఉండాలి. నా వైపు ట్రాన్స్‌మిటరు ఒక్కసారి పలికితే పదిమంది విన్నా లక్షమంది విన్నా కరెంటు ఖర్చు అదే. ఎవరు విన్నారో దానికి తెలీదు, ఏం విన్నారో నేను ఎవరికీ చెప్పను.

2014 అక్టోబరు 12, ఆదివారం ఇదంతా తేలిపోయింది. హుద్‌హుద్ తుపాను. గంటకి 180 కిలోమీటర్ల గాలి. మధ్యలో తుపాను కన్ను ఊరి మీదికొచ్చినప్పుడు కాసేపు అంతా సద్దుమణిగితే, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. మళ్లీ అటువైపు నుంచి కొట్టింది. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు పడిపోయాయి. ఉక్కు ఫ్యాక్టరీయే ఆగిపోయింది. సాయంత్రానికి ఇంట్లో ఫోన్లన్నీ బొమ్మలే. అమ్మగారు గోడగడియారంలోంచి సెల్సు పీకి నాకు వేశారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా బ్యాండు మీద హోరే ఎక్కువ. మా తరంగాలు చూపు మేరకే పోతాయి. దగ్గర్లోని ట్రాన్స్‌మిటరుకి దెబ్బ తగిలితే నేనూ గుడ్డివాణ్నే. పరువు నిలబెట్టింది అన్న. చీకటి పడితే మీడియం వేవ్ ఆకాశాన్ని తాకి వందల మైళ్లు తిరిగొస్తుంది, ఎక్కడో దూరపు ఊరి గొంతు మా గూట్లోకి వచ్చింది. మా వరసలోని క్వార్టర్సు వాళ్లంతా వరండాలో చేరారు. ఇప్పుడు ఆకాశవాణి చాలాచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని ఆపేసి ఎఫ్ఎం పెంచుతోంది. తమ్ముడిగా నాకు లాభమే అయినా, ఆ నిర్ణయం నాకు మింగుడుపడటం లేదు.

ఫోన్లలోనూ మావాళ్లు చాలామందే ఉన్నారు, వైఫై చిప్పులోనే ఒక మూల. హెడ్‌ఫోను తీగే వాళ్లకి యాంటెన్నా. ఆ తీగ పెట్టే కన్నం తీసేసరికి వాళ్ల చెవులు పోయాయి. కొన్ని కంపెనీలు చిప్పు ఉన్నా కలపలేదు. ఫోన్లలో ఎఫ్ఎం ఉంచమని 2023లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకి సలహా ఇవ్వాల్సి వచ్చింది. సలహాతో ఆగకుండా దాన్ని నిబంధన చేయాలి.

పాటలకి మీ ఫోన్లే వాడుకోండి, నాకేం కోపం లేదు. అక్టోబరు తుపాన్లు రాకముందు మాత్రం ఇంట్లో ఉన్న రెండు బ్యాండ్ల రేడియోని ఒకసారి దించండి. పాత సెల్సు లోపల కారుంటే తుడిచి, కొత్తవి విడిగా కవర్లో కట్టి పక్కనే పెట్టండి. యాంటెన్నా పూర్తిగా లాగి 102 తగులుతుందో లేదో చూసుకోండి. అన్న బ్యాండు మీద విశాఖ ఆకాశవాణి 927 కూడా.