బాధారావుగారి వైద్యదర్శనము

బాధారావుగారను నామధేయము తల్లిదండ్రులు పెట్టినది కాదు, నేను పెట్టినది. ప్రతి వీధిలోను ఒక్కొక్క పేరుతో వెలయుచుండు పురుషుడు గనుక, వీధి మారినప్పుడెల్ల పేరు మార్చుకొను శ్రమ పాఠకులకు లేకుండుటకై యీ యుమ్మడి పేరు నుంచితిని. వయస్సు యాబదియైదున కటునిటు. చేత నెల్లప్పుడు నొక చీరల దుకాణపు సంచి వ్రేలాడుచుండును. అందు ఎక్సురేలు, స్కానింగు ఫిలుములు, నాలుగైదు ఆసుపత్రుల చీటీలు, ఏనాటిదో షుగరు పరీక్ష కాగితము, వీనితోబాటు ఒక పంచాంగమును ఉండును. నొప్పి యెక్కడ, ఎప్పటినుండి యను రెండు ముక్కలు వ్రాసిన కాగితము మాత్రము ఆ సంచిలో నేనాడును చేరలేదు.

నొప్పిని వర్ణించుటలో ఆయన ప్రజ్ఞ సామాన్యము కాదు. ఉదయమున పాలకేంద్రము కడ నిలిచి, "ఇది నిన్నటి సలుపు కాదయ్యా, లోపలినుంచి తొలుస్తోంది, మెట్లు ఎక్కితే ఊరుకుంటుంది, దిగితే పట్టుకుంటుంది" అని మోకాటిచిప్పపై వ్రేలుంచి చూపునప్పుడు, పాలు పోయు కుఱ్ఱవాడు సైతము చెంబు ప్రక్కకు పెట్టి వినును. కెనడా దేశమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రొనాల్డ్ మెల్జాక్ అను శాస్త్రజ్ఞుడు, నొప్పిని తెలుపు మాటలు 78 ఏరి, వానిని 20 తెగలుగా కూర్చి, నొప్పిని కొలుచుటకై ప్రశ్నావళి నొకదానిని 1975లో ప్రకటించెను. ఆ మహనీయుడు మా పాలకేంద్రమునకు ఒక్క ఉదయము విచ్చేసియుండినచో, పోటు, తీపు, సలుపు, గుంజు, నస, చురుకు, కుట్టు, మెలి యని యింకొక ప్రశ్నావళికి చాలినంత సరకు మూట గట్టుకొని పోయెడివాడు.

ఇట్టి వాగ్మి, వైద్యుని గది గడప దాటి, స్టూలుపై నాసీనుడైనంతనే, "ఎక్కడండీ నొప్పి?" యను ప్రశ్నకు, "ఎక్కడ లేదో అడగండి" అని యొక్క మాట చెప్పి, ముంజేయి చాచి, కన్నులు మూసుకొనును. నాడి పట్టినంత మాత్రమున మొన్న తిన్న గోంగూర పచ్చడి వఱకు చెప్పివేసిన వైద్యులను గూర్చి వారి తాతగారు చెప్పియుండిరట. వాగ్భటుడు అష్టాంగహృదయమున రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు మార్గములు విధించెనన్న సంగతి ఆయన యెఱుంగకపోలేదు. అయినను మొదటి రెంటిని మాత్రమే విద్యగా నంగీకరించి, మూడవదానిని వైద్యుని చేతగానితనముగా లెక్కించును. "అన్నీ నన్నే అడిగితే ఇక ఆయన చదివిందేమిటండీ?" అని బయటకు వచ్చి మనతో ననును. మోకాటికై వచ్చినవాని తుంటిని వైద్యుడు త్రిప్పి చూచినచో మఱింత చిన్నబుచ్చుకొనును. తుంటికీలు చెడినవారికి మోకాట నొప్పి తోచుట, పిత్తాశయమున రాళ్ళున్నవారికి కుడిభుజమున పోటు పొడుచుట కలదని యెవరేని చెప్పబోయిన, "నా మోకాలు సంగతి నాకు తెలియదా?" యని సంచి చంక నిఱికించుకొని లేచిపోవును.

మఱియొకనాడు ఆయనకు చెప్పవలెనన్న బుద్ధి పుట్టును. అది మొదటిదానికంటె ఘోరము. "ఇది ఈనాటిది కాదండీ, మా పెద్దమ్మాయి పెళ్ళిలో గంగాళం ఎత్తాను, ఆ పెళ్ళి అసలు మాఘంలో కావలసింది, వియ్యంకుడుగారు వైశాఖానికి జరిపారు..." అని కథ యారంభమగును. 1984లో అమెరికాలో ఇరువురు పరిశోధకులు ప్రకటించిన లెక్కనుబట్టి, అచటి వైద్యులు రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకండ్లకే అడ్డు తగులుచుండిరట. అది వైద్యులకు గౌరవము తెచ్చు సంగతి కాదు. మధ్యాహ్నములోగా అఱువది టోకెన్లు చూడవలసివచ్చి, తలయెత్తకయే చీటీ వ్రాయు మన వైద్యులకును కాదు. కాని న్యాయము చెప్పవలసివచ్చినచో, 18 నిమిషములిచ్చినను బాధారావుగారు పెండ్లిపందిరి గుంజలు పాతించుటయే ముగింపలేరు.

మార్కుల ఘట్ట మొకటి కలదు. "నొప్పి లేకపోతే సున్న, భరించలేనిదైతే పది, మీకు ఎంత ఉంది?" అని వైద్యుడడుగగా, కాలుమీద కాలు వైచుకొని గోడమీది పట్టా చదువుచున్న మన నాయకుడు, "పదిహేను వేసుకోండి" అనును. మార్కులు తగ్గిన మందు తగ్గునని ఆయన భయము. ఇట్టి పదిహేనులను దినమున కెన్నింటినో విన్న వైద్యుడు మనస్సులోనే పది తీసివేసి అయిదు వ్రాసికొనును. ఈ బేరమున నిజముగా నెంత నొప్పి యున్నదో ఇరువురికిని తెలియకయే పోవును.

ఇంకొక చిత్రము. మోకాటి సలుపునకు వీధియెల్ల మేల్కొలుపు నీయన, ఱొమ్ము నడుమ బరువు పెట్టినట్లై, ఎడమచేతికిని దవడకును ప్రాకి, చెమటలు పోసినప్పుడు మాత్రము, "గ్యాసు లెండి" యని సోడా త్రాగి పరుండును. ఇచట నాకు నవ్వు రాదు. గుండెపోటు ఆ రూపముననే వచ్చును. మధుమేహము గలవారికి నొప్పి యంతగా తెలియకయు రావచ్చును. అప్పుడు వర్ణనలతో పనిలేదు, ఆసుపత్రికి పోవలసినదే.

మొన్న నొకనాడు ఆయనతో నేనును వైద్యుని గదికి పోయితిని. భార్యామణి తలుపు ప్రక్క సంచి పట్టుకొని నిలిచియుండెను. "మందులేమైనా వాడుతున్నారా?" యని వైద్యుడడిగెను. "అబ్బే, ఏమీ లేవండీ" అని యీయన. ఆమె సంచిలో చేయి పెట్టి, కత్తెరతో కత్తిరించిన బిళ్ళల పట్టీ ముక్క నొకదానిని తీసి బల్లమీద పెట్టెను. నాలుగు ఎఱ్ఱబిళ్ళలు మిగిలియుండెను. పేరు, తేదీ యున్న భాగము మందుల దుకాణములోనే యుండిపోయినది. "రోజుకు రెండేసి చొప్పున దీపావళి నుంచి మింగుతున్నారండీ" అనెను. "అవి మందులేమిటే? మెడికల్ షాపతను ఇచ్చినవి!" అని ఈయన సమాధానము.

ఆమె యంతటితో నాగలేదు. "పొద్దున్నే లేచాక గంటసేపు వేళ్ళు ముడవలేరండీ. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. సంక్రాంతి దగ్గర నుంచి చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను." వైద్యుడు కలము క్రింద పెట్టి, తొలిసారిగా తలయెత్తి, రెండు చేతుల వ్రేళ్ళ కణుపులను ఒక్కొక్కటిగా నొక్కి చూచెను. ఉదయమున గంటసేపు కీళ్ళు బిగుసుకొనియుండుట అరుగుదలకంటె కీళ్ళవాతమునకు ఎక్కువ సూచకము. రెండు చేతుల కణుపులును వాచియుండిన ఆ యనుమానము బలపడును. పదిహేను మార్కుల మోకాలు చెప్పలేని సంగతిని గుండీలు చెప్పినవి. బాధారావుగారికి మాత్రము కోపము వచ్చినది. "అది నొప్పి కాదండీ, బిగుసుకోవడం. నేను వచ్చింది మోకాలి కోసం!"

రక్తపరీక్షలకు చీటీ వ్రాయుట, ఫీజు చెల్లించుట, నమస్కారములు నన్నియు ముగిసి, తలుపు గడియపై చేయి వైచిన తరువాత, ఆయన వెనుకకు తిరిగి, "అన్నట్టు డాక్టరుగారూ, పది రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోంది. వేడి చేసి ఉంటుంది లెండి" అనెను. అసలు సంగతిని గడియ పట్టుకొని చెప్పుట ఈ జాతి పురుషులకు ఆచారము. వైద్యుడు లేచి వచ్చి, చేయిపట్టి తీసికొనిపోయి మఱల కూర్చుండబెట్టెను. ఆ యెఱ్ఱబిళ్ళలు పొట్టలో పుండు చేసి, అచట రక్తము స్రవించుచుండిన మలము అట్లే యగునని చెప్పి, బిళ్ళలు తత్‌క్షణమే మాన్పించి, ఎండోస్కోపీకై అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపెను. బయట తరువాతి టోకెనువాడు గడియారము చూచుకొని నిట్టూర్చెను.

పుండు మానినది. కీళ్ళవాతమునకు వేఱు చికిత్స సాగుచున్నది. ఈ వ్యాధినంతయు తానే కనిపెట్టి వైద్యునకు తెలిపితినని బాధారావుగారు చెప్పికొనుచున్నారు. వచ్చే నెల పరీక్షకు ఒంటరిగానే పోవుదురట. భార్య వెంట నుండిన తన్ను మాటాడనీయదట. పాఠకులారా, ఆయన మీ వీధిలో నివసించుచుండినయెడల ఒక్క యుపకారము చేయుడు: ఆటో కదలక ముందే ఆమెను గూడ ఎక్కింపుడు, బిళ్ళల పట్టీని కత్తిరింపక, పేరుతో సహా, సంచిలో వేయుడు.