ప్లగ్గు గారి ఆత్మకథ

స్పార్క్ ప్లగ్గుకు ‘నేను’ అనే అలవాటు లేదు. సొంత కథయినా పెద్దమనిషిలా ‘ప్లగ్గు అది చూసింది, ప్లగ్గు ఇది చేసింది’ అనే చెబుతుంది. అలాగే విందాం.

ప్లగ్గు కాపురం పాత కార్బురేటర్ బైకు ఇంజిన్ హెడ్డులో. బయటికి కనిపించేది తెల్లటి పింగాణీ. పనంతా లోపల, మిల్లీమీటరుకు కాస్త తక్కువైన గ్యాపులో. వేల వోల్టులు ఆ గ్యాపు దాటితే రవ్వ పుడుతుంది. అయితే రవ్వకు ద్రవం అంటుకోదు. ఆవిరై, తగిన పాళ్లలో గాలితో కలిసినదే అంటుకుంటుంది. ప్లగ్గు బతుకులో గొడవలన్నీ ఆ పాళ్ల దగ్గరే.

కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినా కార్బురేటర్‌లో ఇంధనం పోసే సన్న రంధ్రం, అంటే జెట్, పాత లెక్కలోనే పోస్తుంటే, గాలి పాలు ఎక్కువవుతుంది. ఇంజెక్షన్ బళ్లలో సైలెన్సర్ వైపుండే ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పసిగట్టి ఇంకాస్త పోయిస్తుంది. పాత బండికి ఆ తెలివి లేదు. మెకానిక్ ప్లగ్గు విప్పి మూతి చూడాల్సిందే: బిస్కెట్ రంగైతే సరే, నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

చలిపొద్దున కిక్కులు కొట్టీ కొట్టీ జనం ముందు ప్లగ్గునే తిడతారు. తప్పు రవ్వది కాదు, ఆవిరిది! ఆవిరి కావడానికి ఇథనాల్ కిలోకు పెట్రోలు కన్నా రెట్టింపుకు పైగా వేడి లాక్కుంటుంది. సుమారు 13 డిగ్రీల కింద దాని మీద అంటుకునేంత ఆవిరే చేరదు. పెట్రోలుకైతే సున్నాకు ఎంతో దిగువన కూడా చేరుతుంది. రెండూ కలిసినప్పుడు చలిలో ముందు ఆవిరయ్యేవి పెట్రోలులోని తేలిక భాగాలే. పైగా కొద్దిపాటి ఇథనాల్ కలిస్తే ఆవిరి ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. ఇది ప్లగ్గుకే వింత.

బ్రెజిల్ చుట్టాలది అసలు కష్టం. అక్కడ 1979లో ఫియట్ 147 అచ్చంగా ఇథనాల్ మీద నడిచే కారుగా వచ్చింది. అలాంటి కార్లలో చలికి స్టార్ట్ చేయడానికే విడిగా చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టేవారు.

ఇంజిన్ వేడెక్కాక మాత్రం ప్లగ్గుకు ఇథనాల్ ముద్దే. మంట చేరేలోపే మూలనున్న మిశ్రమం తనంతట తాను అంటుకుంటే టకటకమని నాకింగ్. ఆక్టేన్ ఎక్కువున్న ఇథనాల్ ఆ దెబ్బలు తగ్గిస్తుంది, మసీ తక్కువే. ఇక మైలేజీ అంటారా, లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండొంతులే. దానికి ప్లగ్గు పూచీ లేదు.