జొన్న అంటే సున్నా!

జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో విత్తనాల బుట్ట ముందు కూర్చున్న ఏ అమ్మనైనా ‘ఇదేంది?’ అని అడగండి. ‘సామ’ అంటది. అదే ప్రశ్న సి భాషను అడగండి. ‘2’ అంటుంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. సి మాత్రం మన ఇంజినీరింగ్ కాలేజీలకు కులగురువు.

నమ్మకపోతే రాసి చూడండి. పేర్లకు వరుస అంకెలు కట్టే ఈనమ్‌తో ‘ఈనమ్ పంట’ అని మొదలుపెట్టి జొన్న, కొర్ర, సామ, తైద అని వరుసగా పేర్చండి. ఆ తర్వాత కోడ్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టారా, అలాంటి పంట మా దగ్గర లేదని కంపైలర్ లైను నంబరుతో సహా దబాయిస్తుంది. అంత పట్టింపు! తీరా ప్రోగ్రాం నడిచాక ప్రింట్‌ఎఫ్‌ను అడిగితే జొన్న సున్నా, తైద మూడు. పేర్లు మరిచిపోయిందా పాపం అంటే, అదీ కాదు. డీబగ్ సమాచారం చేర్చి కంపైల్ చేసి, జీడీబీ డీబగ్గర్‌లో అడగండి, ‘తైద’ అని టక్కున చెబుతుంది. తెలిసీ చెప్పని జబ్బుకు మందేది?

మందు మీరే నూరుకోవాలట. పేర్లన్నీ మళ్లీ ఒక అర్రేలో రాసుకోవాలి. రాశారు. ఆర్నెల్లకు ఎవరో వచ్చి జొన్న పక్కన సజ్జను చేర్చి, అర్రే సంగతి మరిచాడు. ఇక చూడండి తమాషా: సజ్జ అడిగితే కొర్ర, కొర్ర అడిగితే సామ. తైద అడిగితే అర్రే దాటి ఎక్కడో పడుతుంది, చెత్తే వస్తుందో, ప్రోగ్రామే కూలుతుందో ఆ దేవుడికెరుక. పాత ఫైళ్లలో 2 అని దాచిన సామ రాత్రికి రాత్రే కొర్ర అయిపోతుంది. కంపైలర్ నోరెత్తదు. ఇందాకటి పట్టింపు ఏమైందో!

సి పెద్దలను నిలదీస్తే వేదం వల్లిస్తారు: వాడని దానికి ఖర్చు పెట్టించం, పేర్లకు బైట్లు దండగ. ఔరా! మనం చేత్తో రాసిన అర్రేకు బైట్లు అక్కర్లేదా? రస్ట్‌లో ఈనమ్ మీద డెరైవ్ డీబగ్ అని ఒక్క వరుస చాలు. జిగ్‌లో ట్యాగ్‌నేమ్ ఉంది. అంతెందుకు, డెక్కన్ సొసైటీ పుట్టిన 1983లోనే అడా భాష ‘ఇమేజ్’ అంటే పేరు చెప్పేసింది.

సి ప్లస్ ప్లస్ వారిది మరో లీల. 2011లో ఈనమ్ క్లాస్ తెచ్చారు; అది పేరు సరే, క్యాస్ట్ చేయనిదే అంకె కూడా చెప్పదు. చివరకు 2025 జూన్‌లో సోఫియాలో సమావేశమై రిఫ్లెక్షన్‌ను సి ప్లస్ ప్లస్ 26లోకి తీసుకున్నారు. అడా తర్వాత నలభై రెండేళ్లకు! ఆ సాయంతో పేరు చెప్పే ఫంక్షన్ మాత్రం మళ్లీ మీరే రాసుకోవాలి. సి అయితే సి23 ప్రమాణంలోనూ మౌనవ్రతమే.

కాబట్టి సి రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అర్రేను నమ్ముకోకండి. పేర్లు చెప్పడానికి స్విచ్ రాయండి, అందులో డిఫాల్ట్ పెట్టకండి, జీసీసీకి ‘వాల్’ హెచ్చరికలు తగిలించండి. సజ్జను మరిచిన రోజు కంపైలర్ కనీసం గొణుగుతుంది.